దుబాసీ బత్తా

పంకా ఆగిపోయింది. కరెంటు పోవడం ఆ ఊళ్ళో వింతేమీ కాదు, ఎండాకాలం మధ్యాహ్నం పోకపోతేనే వింత. కానీ ఆ డొక్కు పంకా కిర్రుకిర్రుమని తిరిగినంతసేపూ గోడవతల ఎవరున్నారో ఏమంటున్నారో గణపతిరావుకు పట్టేది కాదు. ఇప్పుడు వరండాలో ఆడమనిషి దగ్గు, ఆ దగ్గు తర్వాత కచేరీ దుబాసీ గంగులు గొంతు తగ్గించి ఏదో చెప్పడం, అన్నీ చెవిలోకే వచ్చి కూర్చుంటున్నాయి. ఏం చెబుతున్నాడో ఒక్క ముక్క తెలియదు. సవర భాష. తెలియనిది వినబడకపోతే మాత్రం ఏం పోయింది? బల్ల మీద విజయనగరం నుంచి తెచ్చుకున్న మరచెంబు, ఆకుపచ్చ సిరా బుడ్డి, నిలువునా మడిచిన తెల్ల కాగితం ఒకటి. మిగిలినవన్నీ కట్టలు కట్టుకుని బీరువాలోకి పోయాయి. శ్రీకాకుళంలోని ఆ సర్కారు తర్జుమా కచేరీకి ఏడాది లెక్కల తనిఖీ అయిపోయినట్టే, ఈ కాగితం ఒక్కటీ నిండితే. కచేరీ సూపరింటెండెంటు జగన్నాధం గారు జీపు మాట్లాడి తెస్తానని వెళ్ళాడు. ఆ జీపులో ఆమదాలవలస స్టేషనుకు పోయి సాయంత్రం పాసింజరు పట్టుకోవాలి. జీపు వచ్చేలోగా రాసెయ్యాలి. ఏం రాయాలో తెలియక కూర్చోలేదు గణపతిరావు. రెండు రకాలుగా రాయవచ్చు, రెండూ అతనికి తెలుసు, వచ్చిన చిక్కల్లా అదే.

చెంబు మూత తిప్పి రెండు గుక్కలు తాగాడు. నీళ్ళు వెచ్చబడి ఇత్తడి వాసన వేస్తున్నాయి. తనిఖీకి వెళ్ళిన చోట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడని, నిప్పులాంటి మనిషని శాఖలో అతనికి పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఏళ్ళ తరబడి ఇలా వెచ్చటి నీళ్ళు తాగుతున్నాడు పాపం, ఒక్కోసారి దాహం తీరక రైల్లో ఎక్కగానే కొళాయి కింద దోసిలి పడతాడు. నీళ్ళు ముట్టకపోవడం తేలిక. ఇలాంటి కాగితం ముట్టకుండా ఉండడమే కుదిరేలా లేదు. ఈ కచేరీకి వచ్చిన మొదటి రోజు ఎంత హాయిగా ఉండేది! పద్దులన్నీ ముద్దుగా, చక్కటి చేతిరాతలో, తర్జుమా చేసేవాళ్ళ కచేరీ కదా మరి. ఇంగ్లీషు ఉత్తర్వుల్ని తెలుగు చేస్తారు, ఒడియా దస్తావేజుల్ని తెలుగు చేస్తారు. జగన్నాధం గారు చేసిన తెలుగైతే దానికి మళ్ళీ తెలుగు చెప్పేవాడు ఒకడు కావాలి. ఊరివాళ్ళు చెరువు గట్టు గురించి అర్జీ పెట్టుకుంటే ఆయనిచ్చిన జవాబు చూసి తమ మీద కేసు పెట్టారేమోనని భయపడి ఆ ఊరు ఊరంతా బండి కట్టుకుని వచ్చిందట. దానికి ఆయనే నవ్వుతాడు. చెడ్డవాడనడానికి లేదు. పేజీకి ఇంత అని కూలి, పేజీలు ఎదురుగా కనబడతాయి, తూకం వేసుకోవచ్చు. నోటితో చేసే తర్జుమా అలా కాదు. కొండ మీద నుంచి సవరవాడొకడు కోర్టుకు వస్తాడు, వాడి మాట తెలుగు చేసి చెప్పడానికి కచేరీ తన దుబాసీని పంపుతుంది, దుబాసీ చెబుతాడు, మాట గాలిలో కలిసిపోతుంది. గాలికి డబ్బిచ్చినట్టు పద్దు రాస్తే తనిఖీ ఊరుకోదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు: వాంగ్మూలం అంతా రాసిన తర్వాత దాన్ని వాడికి వాడి భాషలో వినిపించాను, వాడు విని ఔనని ఒప్పుకున్నాడు అని ఒక ధ్రువపత్రం, కింద దుబాసీ సంతకం. ఆ పత్రం ఉంటేనే దుబాసీకి కూలి. ఆ పద్ధతి పెట్టించింది తనిఖీ శాఖే. మంచి పద్ధతి అని గణపతిరావే ఎన్నోసార్లు మెచ్చుకున్నాడు.

దుబాసీ గంగులు ఆ మాఘమాసంలో ఒకరోజు కొండకింది కోర్టులో సోములు అనే సవర రైతు వాంగ్మూలం వినిపించినట్టు ధ్రువపత్రం ఉంది. అదేరోజు రాజాం వెళ్ళి వచ్చినట్టు బస్సు ఛార్జీ, పూట బత్తా తీసుకున్నట్టు బిల్లూ ఉంది. ఒక మనిషి ఒకే పూట రెండు చోట్ల ఎలా ఉంటాడు? రెండింటిలో ఒకటి అబద్ధం. ఏది అబద్ధమో తేల్చి కాగితానికి ఎడమవైపు తను అభ్యంతరం రాయాలి, కుడివైపు కచేరీ వాళ్ళు సమాధానం రాయాలి. ఎప్పుడూ చేసే పనే. ఇంతకంటే పెద్ద పెద్ద తిమింగలాలను పట్టి ఆకుపచ్చ సిరాతో గీత గీసి ఇంటికి పోయి హాయిగా నిద్రపోయిన మనిషి. నిన్న సాయంత్రం గంగులును పిలిపించి అడగకుండా ఉంటే బాగుండేది. కాగితాన్ని అడిగి ఊరుకోవాల్సింది, మనిషిని ఎందుకు అడిగాడు?

గంగులు ఎముకలు బయటికొచ్చిన మనిషి. సముద్రం ఒడ్డు ఊరు. వాళ్ళ నాన్న ఎండు చేపలు కావిడిలో పెట్టుకుని కొండల కింది సంతలకు వెళ్ళేవాడట, పక్కన నడిచి నడిచి ఈ కుర్రాడికి ఒడియాతో పాటు సవర మాట ఒంటబట్టింది. అదే ఇప్పుడు అన్నం పెడుతోంది. గుమ్మం దగ్గరే నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, తల గోక్కుని చెప్పేశాడు. "ఆ దినం నాను రాజాంలోనే ఉన్నాను బాబూ. బియ్యం యాపారుల తగువులో ఒడియా సావుకారి సాచ్చికం సెప్పించడానికి నన్నంపినారు. సోములు మొకం నాను కోర్టులో సూడనే నేదు." మరి ఈ సంతకం ఎవరిదని అడిగితే, "నాదే బాబూ. ఉత్త కాయితాల మీద ముందే ఎట్టించీసుకుంటారు. నానెక్కడో సముద్దరం ఒడ్డున ఉంటాను, అవసరానికి అందను గదా. అందరం అలగే ఎడతాం" అన్నాడు. అలాగే పెడతారట. కోర్టు పని ఆగకూడదని, కచేరీకి మాట రాకూడదని, ఖాళీ పత్రాల కట్ట మీద ముందే సంతకాలు పుచ్చుకుని బల్ల సొరుగులో పెట్టుకుంటారట, తద్దినానికి విస్తళ్ళు కుట్టి దాచుకున్నట్టు. ఆ రోజు కోర్టులో దుబాసీ లేకపోతే, సంతలో చీపుళ్ళకీ చింతపండుకీ బేరమాడే నాలుగు సవర మాటలు తెలిసినవాడెవడో దొరికితే వాడిని నిలబెట్టారట. వాడు చెప్పిందే సోములు చెప్పిందయింది. షావుకారు గాదెకు నిప్పు పెట్టానని, లోపల కాపలావాడు పడుకున్నాడని తెలిసే పెట్టానని. కాపలావాడు కాలి చచ్చిపోయాడు. ఆ వాంగ్మూలం తప్ప వేరే సాక్ష్యం లేదు, చూసినవాడు ఒక్కడూ లేడు. యావజ్జీవం వేశారు. "తరవాత జైల్లో కలిసినాను బాబూ. ఆడేటన్నాడో తెలుసా? అసలు ఆళ్ళు నన్నేటి అడిగినారో నాకు తెల్దు, అందరూ తలూపమంటే ఊపీసినాను అన్నాడు." అప్పీలు హైకోర్టులో వేశారు, వేసవి సెలవుల తర్వాత వస్తుంది. ఫీజు పుచ్చుకోకుండా పట్టిన ప్లీడరు ఒకటే మాట అన్నాడట: ఆ రోజు దుబాసీ అక్కడ లేడని ఒక్క సర్కారు కాగితం చూపించండి, మిగతాది నేను చూసుకుంటాను. ఒక్క కాగితం. అది చెప్పి గంగులు గణపతిరావు మొహంలోకి చూశాడు, అంతసేపటికి మొదటిసారి.

ఆ ఎండు చేపల వాసన. గంగులు చేతిసంచిలో ఉంది కాబోలు, నిన్న వాడు వెళ్ళిపోయాక కూడా గదిలో ఉండిపోయింది, ఇప్పుడు వరండాలోంచి మళ్ళీ వస్తోంది. భార్య తాయారు ఎండు నెత్తళ్ళు వంకాయలో వేసి వండేది. వండుతూ మాట్లాడేది. ఆవిడ నోరు నిద్రలో కూడా మూతపడేది కాదు, పెళ్ళయిన కొత్తలో గణపతిరావు పేపరు అడ్డం పెట్టుకుని ఊ కొట్టేవాడు, ఏమన్నానో చెప్పు అని నిలదీసేది, చెప్పలేకపోతే ఆ పూట ముద్ద పడేది కాదు. పొందూరు నుంచి పంచెల చాపు తెచ్చి నేత చూడమని ముక్కు దగ్గర పెట్టేది. ఎంత సన్నమో చూడు, ఉంగరంలోంచి లాగితే వస్తుంది. లాగు మరి అనేవాడు. లాగడానికి ఉంగరమేదీ, తాకట్టులో ఉంది కదా అనేది. నవ్వేది. ఆ నవ్వేనా పోయింది? ఒక పొద్దున్న పెరట్లో బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ ఒక పక్కకి ఒరిగిపోయింది, కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పడిపోయింది. మిగిలింది బబబ అని ఒక్క చప్పుడు. గరివిడి నుంచి అక్క జగ్గమ్మ వచ్చింది చాకిరీకి. ఆ చప్పుడు అక్కకు అర్థమయ్యేది. మొదట్లో మంచినీళ్ళు అంటంది, పక్క మార్చమంటంది అనేది. నిజమే, నీళ్ళు పోస్తే తాగేది. తర్వాత్తర్వాత పెద్ద పెద్ద సంగతులు కూడా అర్థం కావడం మొదలైంది అక్కకు. పెద్దగాజులు చిన్న కూతురికి ఇవ్వమంటంది. నీ భోజనం గురించే బెంగెట్టుకుంటంది. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని డాక్టరు చెప్పిన రోజు, తనిఖీలు ముమ్మరంగా ఉన్న రోజులు, సెలవు అడిగితే ఇస్తారో ఇవ్వరో, ఖర్చెంతవుతుందో, మంచం దగ్గర నిలబడి అక్క వంక చూశాడు. బబబ అంది తాయారు. ఎడం చేత్తో మంచంపట్టె కొట్టింది. "ఎళ్ళనంటందిరా తమ్ముడా. ఈ ఇంట్లోనే పోతానంటంది. దానికి తెలిసిపోనాది" అంది అక్క కళ్ళొత్తుకుంటూ. అతనూ కళ్ళొత్తుకున్నాడు. ఎంత హాయనిపించిందో! ఆ హాయిని గణపతిరావు ఎవరికీ చెప్పలేదు, చెప్పే మాట కాదు. తాయారు మంచంపట్టె కొడుతూనే ఉంది. ఔనైతే ఒకసారి కళ్ళు మూయవే, కాదంటే రెండుసార్లు మూయి, అని అడిగితే ఏం పోయేది? చిన్నపిల్లలకు కూడా తోచే ఉపాయం. అప్పుడు తోచలేదు. తోచకపోవడమే ఆ పూటకు తేలికయింది. అక్క మోసం చేసిందని కాదు, అక్కకు అలాగే వినబడిందేమో. బతికున్న నాలుగు నెలలూ తాయారు అతని వంక చూసిన చూపుకు మాత్రం ఎవరూ అర్థం చెప్పలేదు.

ఒళ్ళంతా చెమట. చొక్కా గుండీ విప్పుకున్నాడు. బయట వడగాలి ఇసక చిమ్ముతోంది, కిటికీ రెక్క కొట్టుకుంటోంది. వరండాలో ఆ ఆడమనిషి ఎందుకు కూర్చుందో ఇవాళ పొద్దుట తెలిసింది. గున్నమ్మ ఆమె పేరు, సోములు పెళ్ళాం. గంగులే కబురు పెట్టి కొండ దింపించాడట, పైనుంచి నిజమూ అబద్ధమూ చూసే బాబు వచ్చాడు, రా అని. పొద్దుట్నుంచి స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. మెడ నిండా పూసలు, చీర మోకాళ్ళ దాకా, పాదాలు దుమ్ముకొట్టుకుని తెల్లగా ఉన్నాయి. గణపతిరావు వెళ్తుంటే లేచి నిలబడింది. తెలుగు ఒక్క ముక్క రాదు. నిజమూ అబద్ధమూ చూసే బాబు! అతను చూసేది కూడికలూ తీసివేతలూ అని, ఎక్కువ పెట్టిన బస్సు ఛార్జీ కోసుకోవడం అని, ఈ గంగులుకు ఎవరు చెప్పాలి? కోపం వచ్చింది. కోపం రావడానికి ఒక మనిషి దొరికినందుకు కాస్త సుఖంగా కూడా ఉంది.

పొద్దుట జగన్నాధం గారు కుర్చీ దగ్గరికి లాక్కుని, తాంబూలం పక్క బుగ్గకు తోసుకుని మెల్లగా మొదలుపెట్టాడు. "రెండింట్లో ఒకటి తప్పన్నారు, సరే, ఒప్పుకుంటున్నాం. ఏది తప్పో మీ చేతుల్లో ఉంది. బత్తా తప్పని రాశారనుకోండి, వాడి కూలిలో కోసుకుంటాం, రెండు చీవాట్లు పెడతాం, సమసిపోతుంది. పత్రం తప్పని రాశారా, అది ఇక్కడితో ఆగదండీ. కోర్టంటారు, పోలీసులంటారు. కొండల్లో ఇన్ని గొడవలు జరుగుతున్నాయి, దారి పొడుగునా పోలీసు జీపులు చూస్తున్నారు కదా. ఇలాంటి రోజుల్లో ఆ తిరగబడ్డవాళ్ళకు కాగితం రాసిచ్చాడన్న పేరు ఎవరికి మంచిది చెప్పండి? మీ ప్రమోషను జాబితా కూడా పైన ఉందని విన్నాను." బెదిరింపు కాదు. నిజంగానే అతని మేలు కోరుతున్నట్టుంది ఆ గొంతు, అదే చీదర పుట్టించింది. ఆ సంతకాలు ముందుగా పుచ్చుకున్నది మీరే కదా అని అడగబోయి, అడక్కుండానే తల ఊపాడు. ఆయన వెళ్ళగానే గంగులు వచ్చాడు. రాత్రంతా ఏడ్చినవాడి మొహం. "బత్తా నాను తినీసినాను బాబూ. రాజాం ఎల్లనేదు. అలగని రాసీయండి."

"నిన్న వెళ్ళానన్నావు."

"నిన్న బుర్ర పని సెయ్యనేదు."

"గంగులూ, నిజం చెప్పు."

"నిజం నిన్న సెప్పీసినాను గదా బాబూ. ఇయ్యాల పిల్లల గురించి సెప్తన్నాను. ఉత్త కాయితం మీద సంతకమెట్టినావంటే నువ్వూ జైలుకే అన్నారు పంతులుగారు. నాను లోపలికెల్తే ముగ్గురాడపిల్లలు, ఏటయిపోతారు?"

పంతులుగారంటే జగన్నాధం గారు. మంచి మాటలతో చెప్పాల్సినవాళ్ళకు మంచి మాటలతో, భయపెట్టాల్సినవాళ్ళకు భయపెట్టి, ఆయన తర్జుమా ఎంత బాగా చేస్తాడు! సరే వెళ్ళు అన్నాడు గణపతిరావు గంగులుతో. వెళ్ళి ఆ ఆడమనిషి పక్కన కూర్చున్నాడు వాడు. అప్పట్నుంచీ ఏం చెబుతున్నాడో ఆమెకు.

కలం తీశాడు. సిరా ముంచాడు. మనసులో వాక్యం తయారుగానే ఉంది, నిన్న రాత్రి సత్రం గదిలో దోమల మధ్య పడుకుని ముక్క ముక్కా కూర్చాడు: సదరు తేదీన దుబాసీ రాజాంలో విధి నిర్వహణలో ఉన్నందున, వాంగ్మూలానికి జతపరచిన ధ్రువపత్రం వాస్తవం కాదని తనిఖీలో తేలినది. ఎంత నిక్కమైన వాక్యం. తన ఉద్యోగం మొత్తంలో ఇంత మంచి వాక్యం రాయలేదు, రాయబోడు కూడా. ఆ వాక్యం ఆకుపచ్చ సిరాలో, కింద తన సంతకంతో, ఎక్కడో హైదరాబాదులో నల్లకోటు ప్లీడరు చేతిలో. అయ్యా చిత్తగించండి, ఇది సర్కారు వారి మాటే. సోములు ఎలా ఉంటాడు? ఎప్పుడూ చూడలేదు. తలూపమంటే ఊపిన మనిషి. అందరూ తెల్లబట్టలు వేసుకుని, ఎత్తయిన బల్లల వెనక కూర్చుని, ఏదో అడిగి, ఊపు అన్నట్టు చూస్తే తనైనా ఊపడూ? ఊపాడు కదా పొద్దుట, జగన్నాధం గారి ముందు. కానీ గంగులు? ఈ వాక్యం పడితే మొట్టమొదట పోయేది గంగులే, జగన్నాధం గారు కాదు, ఆయన నాకు తెలియకుండా దుబాసీ చేసిన మోసమని కుడివైపు చక్కటి తెలుగులో రాస్తాడు. సత్యం చెప్పినవాడి మెడకే చుట్టుకుంటుంది. ముగ్గురాడపిల్లలు. వాళ్ళ ఉసురు తను పోసుకోవాలా? సోములుకు మాత్రం పిల్లలు లేరా? ఉన్నారో లేదో అడగలేదు. అడిగితే లెక్క ఇటు మొగ్గుతుందేమోనని అడగలేదు. గంగులు పిల్లల్ని తలుచుకుంటే కలం ఆగిపోతోంది, ఎంత జాలిగలవాడివయ్యా గణపతిరావూ అనిపిస్తోంది, ఆ జాలి కింద ఏముందో ఎత్తి చూడడానికి మాత్రం మనసొప్పదు. ఎత్తి చూశాడు. తన ప్రమోషను కూడా కాదు ఉన్నది. భయం. పోలీసు జీపు వీధిలో ఆగుతుందన్న భయం, పక్కింటివాళ్ళు తలుపు సందులోంచి చూస్తారన్న భయం, నిప్పులాంటి మనిషి అన్న మాట మొన్నటిదాకా ఎంత చవగ్గా వచ్చిందో తెలిసిపోతుందన్న భయం. ఛీ. కలం పత్తి మీద తుడిచాడు. మళ్ళీ ముంచాడు.

సదరు తేదీన, అని రాశాడు. రెండు వాక్యాలకూ మొదలు అదే. ఇక్కడిదాకా ఎవరికీ అన్యాయం లేదు. సదరు తేదీన దుబాసీ. ఇది కూడా రెండింటికీ పనికొస్తుంది. ఇక్కడ ఆగి కూర్చుంటే ఎంత బాగుంటుంది, ఈ రెండు మూడు మాటల మీద, జీపు ఎన్నటికీ రాకుండా. బయట గున్నమ్మ దగ్గు మళ్ళీ. ఒకసారి పిలిచి అడిగితే? ఏమడుగుతావు, గంగులే కదా మళ్ళీ చెప్పాల్సింది. నేరుగా ఆమె కళ్ళలోకి చూసి అడగవచ్చు, ఔనైతే ఒకసారి... ఏమిటి ఔనైతే? నీ మొగుడు ఆ మాట అనలేదు కదా అనా? అది నిన్నే తెలిసింది. తెలియనిది ఏముంది ఇక? ఇంత తెలిసి ఇంకా ఎవరినో అడుగుదామనుకోవడం ఎందుకు? ఏదో ఒక మాట ఎవరో ఒకరు చెబితే, దాన్ని పట్టుకుని ఒడ్డెక్కుదామని. అక్క లేదు ఇక్కడ. తాయారు మంచంపట్టె కొడుతోంది టకటకా టకటకా, కిటికీ రెక్క అది, వడగాలికి. లేచి గెడ వేసి వచ్చాడు. కూర్చున్నాడు. వీధి మలుపులో జీపు చప్పుడు వినబడింది. గేరు మార్చింది. ఆగింది. తలుపు తీసిన చప్పుడు, జగన్నాధం గారి నవ్వు, డ్రైవరుతో ఏదో పరాచికం. చెప్పుల చప్పుడు మెట్లు ఎక్కుతోంది. ఆ చప్పుడు గుమ్మం దాటేలోగా గణపతిరావు చెయ్యి తనంతట తను రాసినట్టు గబగబా రాసేసింది: సదరు తేదీన దుబాసీ కోర్టు విధిలో ఉన్నట్టు ధ్రువపత్రము స్పష్టపరచుచున్నందున, రాజాము ప్రయాణమునకు పొందిన బత్తా అక్రమము, వసూలు చేయదగినది. ఒక్క కొట్టివేత లేదు. చేతిరాత ఎప్పటికంటే చక్కగా వచ్చింది.

జగన్నాధం గారు నిలబడే చదివాడు. కాగితం కుడివైపు తనే సమాధానం రాశాడు, ఒప్పుకుంటున్నామని, వసూలు చేస్తామని, ఇకముందు జరగనివ్వమని. గంగులును పిలిచాడు. గంగులు లోపలికి వచ్చి, చూపించిన చోట, ఏం రాశారని అడగకుండా సంతకం పెట్టాడు. ఉత్త కాగితం మీద పెట్టినట్టే పెట్టాడు. పెట్టి, వంగి గణపతిరావు పాదాల దగ్గర నేలను తాకాడు. "మీ కడుపు సల్లగుండాల బాబూ." గణపతిరావు కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. సంచీ, చెంబు తీసుకున్నాడు. సంచీ గంగులు లాక్కుని భుజాన వేసుకున్నాడు. పాసింజరు టైముకు వస్తుందా అంటున్నాడు జగన్నాధం గారు, ఈ మధ్య రోజూ ఆలస్యమే, మీరేం కంగారు పడకండి, స్టేషన్లో ముంజలు దొరుకుతాయి, లేతవి చూసి తీసుకోండి.

వరండాలో ఎండ కళ్ళలో పొడిచింది. గున్నమ్మ లేచి నిలబడింది. తల దించుకుని ఆమె పక్కగా జారిపోవాలనుకున్నాడు, కానీ ఆమె రెండడుగులు ముందుకు వచ్చి మాట్లాడడం మొదలుపెట్టింది. అరవలేదు. మెల్లగా, ఆగి ఆగి, చాలాసేపు మాట్లాడింది. చెయ్యి ఎత్తి కొండలున్న వైపు చూపించింది, ఆ చేత్తోనే తన గుండె ముట్టుకుంది, తర్వాత అతని వైపు చూపించింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఏ దేవుడి పేరు చెప్పి శపిస్తోందో. శపించనీ. ఆ మాట పడితే కాస్త తేలికపడతాడేమో, ఎవరో ఒకరు ఒక్కసారి ఉన్నమాట మొహం మీద అంటే. ఆమె ఆగింది.

"ఏమంటోంది?"

గంగులు నేల చూస్తున్నాడు. "దణ్ణాలు సెప్తంది బాబూ."

"అంతసేపు మాట్లాడింది. నిజం చెప్పు గంగులూ, తిట్టిందా? తిట్టినా ఏమీ అనుకోను. చెప్పు."

"తిట్లేటి బాబూ, దణ్ణాలే. మీ మేలు సచ్చినా మరిసిపోదంట. మొగుడు తిరిగొచ్చినాక ఇద్దరూ వచ్చి మీ కాలు మొక్కుతారంట." సంచీ ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు. "మీరు నిజం రాసీసినారని ఇందాకే సెప్పీసినాను. మరేటని సెప్తాను?"

జీపు దగ్గర జగన్నాధం గారు చెయ్యి ఊపుతున్నాడు. గున్నమ్మ రెండు చేతులూ జోడించి అలాగే నిలబడి ఉంది, కదలడం లేదు, అతని నుంచి ఏదో జవాబు రావాలని చూస్తోంది. గణపతిరావు కూడా చేతులు జోడించాడు.